కిటికీలు లేని గోడ, పైనుంచి దిగిన వెలుతురు: సర్ జాన్ సోన్ కట్టిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్



స్మారకోపన్యాసం గతించినవారి పేరిట జరిగేదే అయినా, వారు చేసిన పనిని మళ్లీ శ్రద్ధగా పరిశీలించినప్పుడే దానికి సార్థకత కలుగుతుంది. 1753లో ఇటుకపని చేసే మేస్త్రి ఇంట పుట్టి, 1837లో ఇంగ్లండులోని అగ్రశ్రేణి వాస్తుశిల్పులలో ఒకడిగా కన్నుమూసిన సర్ జాన్ సోన్ స్మృతికి ఈ ప్రసంగం అంకితం. ఆయన 45 సంవత్సరాలపాటు కట్టి, సరిదిద్ది, విస్తరించిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ భవనమే ఇందులో చర్చనీయాంశం. లండన్ నగరం నడిబొడ్డున థ్రెడ్‌నీడిల్ వీధిలో ఆ భవనం ఇప్పటికీ ఉన్నట్టే కనిపిస్తుంది కాని, సోన్ చేతి పనిలో అక్కడ నిలిచి ఉన్నది ప్రధానంగా వెలుపలి గోడ. ఆ గోడ చుట్టుకొని కాపాడిన మందిరాలు 1925లో మొదలైన పునర్నిర్మాణంలో నేలమట్టమయ్యాయి.

క్లాసికల్ శైలి అనగానే స్తంభాల వరుస, వాటిపై త్రికోణపు ముఖభాగం, కొంత శిల్పాలంకారం గుర్తుకు రావడం సహజం. ఆ శైలి సారమంతా భవనం ముఖంలోనే ఉందన్న అభిప్రాయం అక్కడినుంచే పుట్టింది. సోన్ బ్యాంకును అర్థం చేసుకోవడానికి ఆ అభిప్రాయం చాలదు. ఆయనకు క్లాసికల్ సంప్రదాయం గోడను, కప్పును, వెలుతురును, మనిషి నడకను ఒకే ఆలోచనలోకి తెచ్చే నిర్మాణ వివేకం. ఆ వివేకంలో ముఖం ఒక భాగం మాత్రమే గనుక, ముఖాన్ని నిలబెట్టి లోపలిని తొలగించినవారు భవనాన్ని కాపాడినట్టు కాదన్నది ఈ ప్రసంగపు ప్రతిపాదన.

విశ్వాసానికి ఇల్లు

1694లో రాజశాసనం ద్వారా ఏర్పడిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు మొదట సొంత భవనం లేదు. కొద్ది నెలలు మెర్సర్స్ హాలులోను, ఆ తరువాత దాదాపు నాలుగు దశాబ్దాలు గ్రోసర్స్ హాలులోను, అంటే వర్తక సంఘాల భవనాలలో, ఆ సంస్థ పని సాగించింది. 1734లో జార్జ్ శాంప్సన్ రూపకల్పన చేసిన సొంత భవనంలోకి మారింది. 16వ శతాబ్దపు ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో గ్రంథాలనుంచి, కట్టడాలనుంచి రూపొందిన, సమతూకానికి, నిరాడంబరతకు పేరుపొందిన పల్లాడియన్ పద్ధతిలో ఆ భవనాన్ని కట్టారు. 1760ల మధ్యనుంచి 1788 వరకు సర్ రాబర్ట్ టేలర్ దానికి రెండు వైపులా కొత్త భాగాలు చేర్చి, దళారులు ఋణపత్రాల క్రయవిక్రయాలు జరుపుకొనే గుండ్రని మందిరాన్ని, అంటే రొటండాను, దాని పక్కన బదిలీ కార్యాలయాలను నిర్మించాడు.

ఆ కార్యాలయాల స్వభావం తెలియనిదే భవనం అర్థం కాదు. 18వ శతాబ్దంలో బ్రిటిష్ ప్రభుత్వం యుద్ధాలకు కావలసిన సొమ్మును ప్రజలవద్ద ఋణపత్రాల రూపంలో సేకరించేది. ఆ ఋణానికి లెక్క రాసి, వడ్డీ పంచే బాధ్యత బ్యాంకు వహించేది. ఋణపత్రాన్ని అమ్మినా, కొన్నా, వడ్డీ తీసుకోవాలన్నా సొంతదారు స్వయంగానో, అధికారపత్రం పొందిన ప్రతినిధి ద్వారానో బ్యాంకుకు వచ్చి, తన పేరు మొదటి అక్షరాన్నిబట్టి ఏర్పాటైన బల్ల దగ్గర లెడ్జరులో సంతకం చేయాలి. వడ్డీ రోజులలో వందలాది సామాన్య మదుపుదారులు ఆ మందిరాలలో గుమిగూడేవారు. ఫ్రాన్సుతో సాగిన దీర్ఘయుద్ధాల కారణంగా 1815 నాటికి జాతీయ ఋణం 80 కోట్ల పౌండ్లు దాటడంతో ఈ రద్దీ ఎన్నో రెట్లు పెరిగింది. సోన్ కట్టిన కొత్త మందిరాలలో చాలావాటి వెనుక ఈ ఋణభారమే ఉంది.

ఇటువంటి సంస్థ అమ్మే సరుకు కంటికి కనిపించదు. తాను దాచిన సొమ్ము చెల్లుతుందన్న మదుపుదారు నమ్మకమే దాని మూలధనం. కంటికి కనిపించని ఆ నమ్మకానికి కంటికి కనిపించే ఆధారం సమకూర్చే బాధ్యత వాస్తుశిల్పిమీద పడింది. వేల సంవత్సరాలు నిలిచిన గ్రీకు, రోమను కట్టడాల భాషను ఆ పనికి ఎన్నుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ భాషలో ప్రధానమైనవి మూడు స్తంభ క్రమాలు. బరువుగా, నిరాడంబరంగా ఉండేది డోరిక్. చుట్టలు తిరిగిన శీర్షంతో ఉండేది అయోనిక్. అకాంథస్ అనే మొక్క ఆకులను చెక్కిన శీర్షంతో ఉండేది కొరింథియన్. ప్రతి క్రమంలోను స్తంభపు మందానికి, ఎత్తుకు, దానిపై నిలిచే అడ్డదూలానికి నిర్ణీతమైన నిష్పత్తులు ఉంటాయి. ఆ నిష్పత్తులే చూపరికి స్థైర్యభావన కలిగిస్తాయి.

మేస్త్రి కొడుకు విద్య

సోన్ మొదట జార్జ్ డాన్స్ ద యంగర్ వద్ద, పిదప హెన్రీ హాలండ్ వద్ద పని నేర్చాడు. రాయల్ అకాడమీలో చదువుతూ 1776లో ఒక విజయసేతువు నమూనాకు స్వర్ణపతకం గెలిచి, రాజు ఇచ్చే యాత్రావేతనంతో 1778లో ఇటలీకి బయలుదేరాడు. రెండేళ్లపాటు రోములోను, ఇతర ప్రదేశాలలోను శిథిలాలను కొలిచి చిత్రాలు గీసుకున్నాడు. దక్షిణాన పేస్టమ్‌లో ప్రాచీన గ్రీకు డోరిక్ ఆలయాలను, రోముకు సమీపంలోని టివోలీలో కొండ అంచున నిలిచిన గుండ్రని వెస్టా ఆలయాన్ని చూశాడు. ఈ రెండు స్థలాలనుంచి ఆయన తెచ్చుకున్న పాఠాలు జీవితాంతం పనికివచ్చాయి. అనవసరమైనదాన్ని తొలగించుకుంటూ పోతే నిర్మాణం తన బలాన్ని తానే చాటుకుంటుందని పేస్టమ్ నేర్పింది. సామాన్య గ్రంథాల సూత్రాలకు లొంగని క్రమం కూడా సంప్రదాయంలో భాగమేనని టివోలీ నేర్పింది.

1788 అక్టోబరులో, టేలర్ మరణానంతరం, 35 ఏళ్ల సోన్ బ్యాంకుకు వాస్తుశిల్పిగా నియమితుడయ్యాడు. అప్పటినుంచి 1833లో విరమించేవరకు ఆయన ఆ పదవిలో ఉన్నాడు. ఇంతటి సుదీర్ఘకాలం ఒకే భవనంపై పనిచేసే అవకాశం చరిత్రలో చాలా తక్కువమందికి దక్కింది. ఒక మందిరంలో ప్రయత్నించిన ఆలోచనను తరువాతి మందిరంలో సవరించి, ఇంకొకదానిలో మరింత దూరం తీసుకుపోవడానికి ఈ దీర్ఘకాలం ఆయనకు వీలు కల్పించింది.

బ్యాంక్ స్టాక్ ఆఫీసు

ఆ ఆలోచనల తొలి ఫలం 1791-93 మధ్య వెలసిన బ్యాంక్ స్టాక్ ఆఫీసు. అక్కడ టేలర్ కట్టిన మందిరానికి కొయ్య కప్పు ఉండేది. అది పాడై వాననీరు కారడం, నిప్పంటుకునే ప్రమాదం ఉండడం అనే రెండు కారణాలవల్ల దానిని తొలగించక తప్పలేదు. కొయ్య వాడకుండా, గోడలకు మోయలేని బరువు కాకుండా విశాలమైన కప్పు వేయడం సోన్ ఎదుట నిలిచిన సమస్య. తన పూర్వగురువు డాన్స్‌తో చర్చిస్తూ ఆయన దానికి చూపిన పరిష్కారం నిర్మాణశాస్త్రపరంగాను, సౌందర్యపరంగాను విశిష్టమైనది.

కప్పు వంపులలో నిండు ఇటుకలకు బదులు కాల్చిన మట్టితో చేసిన బోలు గొట్టాలను వాడారు. లోపల ఖాళీగా ఉండడంవల్ల కప్పు తేలికైంది, కాల్చిన మట్టి గనుక అగ్నికి చెక్కుచెదరదు. బరువు తగ్గినందువల్ల దాన్ని మోసే ఆధారాలు సన్నబడ్డాయి, ఆధారాలు సన్నబడినందువల్ల గోడలలో పెద్ద ఖాళీలు వదలడానికి వీలైంది, ఆ ఖాళీలగుండా వెలుతురు ధారాళంగా ప్రవేశించింది. ఇలా నిప్పుకు భయపడి ఎంచుకున్న మట్టిగొట్టమే మందిరంలోని వెలుతురుకు మూలమైంది.

మందిరం నడుమ గుమ్మటాన్ని పెండెంటివులపై నిలిపారు. చదరపు స్థలం నాలుగు మూలలనుంచి లేచి, పైన వలయాకారంగా కలుసుకునే వంపు త్రికోణాలను పెండెంటివులు అంటారు. చదరపు గదికి గుండ్రని కప్పు అమర్చే ప్రాచీన ఉపాయాలలో ఇది ముఖ్యమైనది. సోన్ చేతిలో ఆ త్రికోణం గోడనుంచి విడిగా కనిపించక, బిగించి కట్టిన వస్త్రంలా సన్నని ఆధారంనుంచి కప్పులోకి ఎడతెగకుండా సాగిపోతుంది. గుమ్మటం శిఖరాన గాజు పలకలు అమర్చిన లాంతరు, పక్క కమానుల కింద అర్ధవృత్తాకారపు కిటికీలు ఉంటాయి. మధ్యలో రెండు నిలువు పట్టీలతో మూడుగా చీలే ఈ అర్ధవృత్తపు కిటికీ రోములోని డయోక్లిషియన్ చక్రవర్తి స్నానశాలలనుంచి వచ్చిన రూపం. మందిరంలో పనిచేసే గుమాస్తాలకు లెడ్జరులోని సన్నని అక్షరాలు కనిపించాలి, నీడలు పుస్తకంమీద పడకూడదు. పైనుంచి సమంగా దిగే వెలుతురు ఈ అవసరాన్ని తీర్చింది. అదే వెలుతురు, దాని మూలం సూటిగా కంటపడని చోట, మందిరానికి గాంభీర్యాన్ని కూడా సమకూర్చింది.

అలంకారం విషయంలో సోన్ చూపిన సంయమనం ఆనాటికి సాహసం. స్తంభక్రమపు నిండు సామగ్రికి బదులు గోడకు కాస్త ముందుకు వచ్చిన చదునైన పట్టీలు, వాటిపై లోతుగా గీసిన గీతలు, అక్కడక్కడ గ్రీకు మెలికల అంచు మాత్రమే ఉంచాడు. పీఠం, స్తంభదండం, శీర్షం, దూలం అనే నాలుగు భాగాల క్రమం ఆ గీతలలో సూచనగా నిలిచింది. నిష్పత్తిని నిలుపుకొని ఆకులు, చుట్టలు వదిలేసిన ఈ మార్గాన్ని కొందరు సమకాలికులు తప్పుపట్టారు. 20వ శతాబ్దపు వాస్తుశిల్పులు మాత్రం దానిలో తమ పూర్వరూపాన్ని గుర్తించారు. 1920లలో సర్ గైల్స్ గిల్బర్ట్ స్కాట్ రూపొందించిన ఎర్రని టెలిఫోను గది పైకప్పు సోన్ వంపులను గుర్తుచేస్తుందని కళాచరిత్రకారులు తరచు చెబుతారు.

ఈ పద్ధతినే 1794-95లో రొటండా పునర్నిర్మాణంలోను, ఆ దశకం చివర కాన్సొల్స్ అనే ప్రభుత్వ ఋణపత్రాల ఆఫీసులోను, 1818 తరువాత డివిడెండ్ ఆఫీసు మొదలైనవాటిలోను సోన్ కొనసాగించాడు. ప్రతిచోట గుమ్మటం, లాంతరు, కమాను మళ్లీ కనిపించినా, ఆధారాల మందం, లాంతరు పరిమాణం, వెలుతురు తీరు వేరువేరుగా ఉండేవి. ఒకే రాగాన్ని భిన్న సంచారాలతో విస్తరించే విద్వాంసుడి క్రమశిక్షణ ఆ వరుసలో కనిపిస్తుంది.

గోడ

ఇప్పుడు వెలుపలి గోడ సంగతి పరిశీలించవచ్చు. 1780 జూనులో లండన్‌లో చెలరేగిన గోర్డన్ అల్లర్ల సమయంలో ఒక మూక బ్యాంకుమీద దాడికి దిగింది. ఆ తరువాత రాత్రిళ్లు సైనికుల కాపలా ఏర్పాటైంది. ఆ ఆచారం 1973 వరకు సాగింది. పక్కనే ఉన్న సెయింట్ క్రిస్టఫర్ చర్చి గోపురంమీదికి దుండగులు ఎక్కి కాల్పులు జరపగలరన్న భయంతో ఆ చర్చినే బ్యాంకు కొని, 1782లో పడగొట్టించింది. దాని శ్మశానవాటిక స్థలం బ్యాంకు లోపలి తోటగా మారింది. ఈ భయం సోన్‌కు వారసత్వంగా అందింది. సుమారు మూడున్నర ఎకరాల స్థలాన్ని చుట్టుముట్టే గోడను, వీధివైపు ఎక్కడా కిటికీ లేకుండా, ఆయన దశలవారీగా పూర్తిచేశాడు.

కిటికీ లేని పొడవైన గోడ జైలును తలపించే ప్రమాదం ఉంది. దానిని నివారించడానికి సోన్ కొరింథియన్ స్తంభాలను, గోడలోకి లోతుగా చెక్కిన గూళ్లను, ఉత్తుత్తి ద్వారాలను, రాతిలో అడ్డంగా సాగే గాడులను ఒక లయతో అమర్చాడు. స్తంభాలకు నమూనా టివోలీ ఆలయంలోని అరుదైన కొరింథియన్ క్రమం. లోత్‌బరీ వీధి, ప్రిన్సెస్ వీధి ఇరుకు కోణంలో కలిసే వాయవ్య మూలలో, 1805 ప్రాంతంలో, ఆ గుండ్రని ఆలయాన్నే తలపించే స్తంభాల వంపును నిలిపి, వికారంగా మిగలవలసిన మూలను గోడ మొత్తంలో అందమైన భాగంగా మార్చాడు. దానికే టివోలీ కార్నర్ అని పేరు వచ్చింది. లోపలివైపు, బంగారం, వెండి తెచ్చే బండ్లు ప్రవేశించే లోత్‌బరీ కోర్టు అనే ఆవరణలో రోములోని కాన్‌స్టంటైన్ విజయతోరణాన్ని అనుసరించిన కమాను ఉండేది. కాపలా, రవాణా, గౌరవం అనే మూడు అవసరాలను ఆ తోరణం ఒకేసారి తీర్చింది.

గోడకు కిటికీలు లేవు గనుకనే మందిరాలకు పైనుంచి వెలుతురు కావలసివచ్చింది. పైనుంచి వెలుతురు రావాలి గనుకనే భవనం చాలాచోట్ల ఒకే అంతస్తుగా, నడుమ తెరపి ఆవరణలతో విస్తరించింది. బయటి మౌనం, లోపలి వెలుతురు ఒకే నిర్ణయానికి రెండు పార్శ్వాలు. వీటిని విడదీసి చూస్తే గోడ భయానికి గుర్తుగాను, మందిరం విలాసంగాను మాత్రమే మిగులుతాయి.

ఇదే కాలంలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వేరొక మార్గం కనిపిస్తుంది. 1819-24 మధ్య విలియం స్ట్రిక్‌లాండ్ నిర్మించిన సెకండ్ బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్, ఏథెన్సులోని పార్థినాన్ ఆలయాన్ని నమూనాగా తీసుకొని, ముందు, వెనుక ఎనిమిదేసి డోరిక్ స్తంభాలతో వీధిలోనే తన గౌరవాన్ని ప్రకటించుకుంటుంది. పక్కలకు స్తంభాలు లేకపోవడంతో ఆ గోడలలోని కిటికీలనుంచి లోపలికి వెలుతురు వస్తుంది. కొత్త గణరాజ్యానికి ప్రాచీన గ్రీకు ఆలయం తగిన ప్రతీకగా తోచింది. తరువాతి శతాబ్దంలో లోకమంతటా బ్యాంకులు అనుకరించింది ఎక్కువగా ఈ ఆలయముఖాన్నే. సోన్ పద్ధతిని అనుకరించడం కష్టం. అది నకలు తీయదగిన ముఖచిత్రం కాదు, ఒక స్థలానికీ, ఒక పనికీ ఒదిగిన ఆలోచనాక్రమం.

కూల్చివేత

సోన్ కార్యాలయంలో పనిచేసిన చిత్రకారుడు జోసెఫ్ గాండీ 1830లో బ్యాంకు మొత్తాన్ని ఆకాశంనుంచి చూసినట్టు, కప్పులు ఊడి, లోపలి గదులన్నీ తెరుచుకున్న స్థితిలో ఒక పెద్ద నీటిరంగుల చిత్రం గీశాడు. అది శిథిలచిత్రమా, నిర్మాణపు అంతర్భాగాలను చూపే కోతచిత్రమా అన్నది పండితులలో చర్చ. రెండూ నిజమే కావచ్చు. రోమను శిథిలాలను కొలిచి నేర్చుకున్న వాస్తుశిల్పి తన కట్టడం కూడా శిథిలమైన తరువాత సైతం పాఠం చెప్పగలగాలని కోరుకోవడం సహజమే.

ఆ పాఠం చెప్పే శిథిలంకూడా మిగలలేదు. మొదటి ప్రపంచయుద్ధం జాతీయ ఋణాన్ని, దానితోపాటు బ్యాంకు పనిని, ఉద్యోగుల సంఖ్యను విపరీతంగా పెంచింది. నగరంలోనే అత్యంత విలువైన నేలమీద ఒకే అంతస్తు మందిరాలు నడపడం పాలకవర్గానికి అసాధ్యంగా తోచింది. 1925 నుంచి 1939 వరకు సాగిన పునర్నిర్మాణాన్ని సర్ హెర్బర్ట్ బేకర్‌కు అప్పగించారు. భారతీయులకు ఆ పేరు సుపరిచితమే. కొత్తఢిల్లీలో సచివాలయ భవనాలను, 144 స్తంభాల వలయంతో 1927లో ప్రారంభమైన పాత పార్లమెంటు భవనాన్ని రూపొందించినది ఆయనే. లండన్‌లో బేకర్ నేలపైన ఏడు అంతస్తులు, కింద మూడు అంతస్తులు గల కొత్త భవనాన్ని సోన్ గోడ లోపలినుంచి పైకి లేపాడు. టేలర్ నిర్మించిన కోర్టు రూమును, అంటే పాలకమండలి సమావేశమందిరాన్ని, కొత్త అంతస్తులో తిరిగి నెలకొల్పాడు. సోన్ మందిరాలకు ఆ భాగ్యం దక్కలేదు. టివోలీ కార్నర్ అడుగున పాదచారులకు దారి తెరిచి, దానిపై గుమ్మటాన్ని, శిల్పి చార్లెస్ వీలర్ చేసిన ఏరియల్ అనే గాలిదేవత విగ్రహాన్ని నిలిపారు.

బేకర్ సమర్థుడు, సోన్‌పై గౌరవం లేనివాడూ కాదు. పెరిగిన పనికి చోటు కావాలన్న బ్యాంకు వాదనలో న్యాయం లేకపోలేదు. అయినా గోడ ఉంటే సోన్ ఉన్నట్టేనన్న భావన అక్కడ నిర్ణయాన్ని నడిపింది. లోపల వెలుతురుకోసం వదిలిన ఆవరణలు, ఒకే అంతస్తు ఎత్తు, బోలు గొట్టాల కప్పులు పోయాక, కిటికీలు లేని గోడకు అసలు కారణమే లేకుండాపోయింది. ఆ గోడ వెనుక నుంచి ఇప్పుడు అంతస్తు మీద అంతస్తు కిటికీలు పైకి కనిపిస్తాయి. ప్రఖ్యాత కళాచరిత్రకారుడు నికొలాస్ పెవ్‌స్నర్ ఈ కూల్చివేతను 20వ శతాబ్దపు లండన్ నగరంలో జరిగిన వాస్తుశిల్ప నేరాలలో అతి ఘోరమైనదిగా పరిగణించాడు.

మిగిలిన ఆధారాలు, మిగిలిన కర్తవ్యం

సోన్ మందిరాలు పూర్తిగా మరుగున పడకపోవడానికి రెండు ఆధారాలు కారణం. మొదటిది ఆయన స్వయంగా చేసిన ఏర్పాటు. లింకన్స్ ఇన్ ఫీల్డ్స్‌లోని తన ఇంటిని, అందులోని చిత్రాలను, నమూనాలను, వేలాది రేఖాపటాలను 1833లో పార్లమెంటు చట్టం ద్వారా జాతికి అప్పగించాడు. బ్యాంకు నిర్మాణంలోని ప్రతిదశకు సంబంధించిన పటాలు అక్కడ ఉన్నాయి. రెండవది, కూల్చివేతకు ముందు ఎఫ్. ఆర్. యర్‌బరీ తీసిన ఛాయాచిత్రాలు. ఇటువంటి ఆధారాలమీద ఆధారపడే బ్యాంక్ స్టాక్ ఆఫీసును 1980లలో తిరిగి నిర్మించి, 1988లో బ్యాంకు మ్యూజియంలో భాగంగా తెరిచారు. ఆ పునర్నిర్మిత మందిరంలో నిలబడి తలెత్తి చూసినవారికి, పుస్తకంలోని చిత్రం ఎంతమాత్రం చెప్పలేని విషయం అర్థమవుతుంది: ఆ గది అందం ఏ ఒక్క అలంకారంలోనూ లేదు, గుమ్మటం బరువు సన్నని ఆధారాలమీదికి దిగే తీరులోను, వెలుతురు ఆ బరువును మరపించే తీరులోను ఉంది.

తెలుగునేలపై ఈ చర్చకు ప్రత్యక్షమైన ప్రాసంగికత ఉంది. సోన్ టివోలీ కార్నర్‌ను నిలబెడుతున్న దశకంలోనే, హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌ప్యాట్రిక్ హయాంలో, మద్రాసు ఇంజినీరు శామ్యూల్ రస్సెల్ రూపకల్పనతో కోఠీ రెసిడెన్సీ వెలసింది. ఎత్తైన కొరింథియన్ స్తంభాలు, పెడిమెంటు అనే త్రికోణ ముఖభాగం ఆ భవనాన్ని దూరంనుంచే గుర్తింపజేస్తాయి. అయితే దాని విలువ దర్బారు హాలు ఎత్తులో, చిత్రించిన కప్పులో, రెండుగా చీలి పైకి సాగే మెట్లలో, గదినుంచి గదికి వెలుతురు మారే తీరులో కూడా ఉంది. మహిళా కళాశాలగా తరతరాల విద్యార్థినులు మసలిన ఆ భవనాన్ని స్తంభాలవరకే కాపాడితే చాలునని ఎవరైనా అనుకుంటే, లండన్‌లో జరిగిన పొరపాటే ఇక్కడా జరుగుతుంది.

అందువల్ల పాత బ్యాంకులు, కచేరీలు, న్యాయస్థానాలు, కళాశాలల సంరక్షణలో కొన్ని నియమాలు అవసరమవుతాయి. వారసత్వ జాబితాలో భవనం పేరుతోపాటు దాని కప్పు నిర్మాణం, వెలుతురు ద్వారాలు, ఆవరణలు, మెట్లు కూడా నమోదు కావాలి. మరమ్మతుకు పూనుకొనే ముందు కొలతల పటాలు, ఛాయాచిత్రాలు తీసి ప్రజలకు అందుబాటులో ఉంచాలి. కొత్త అవసరాలకు చోటు కావలసివస్తే, పాత భవనంలో ఏ భాగం ఏ భాగాన్ని నిలబెడుతున్నదో తెలుసుకొన్న తరువాతే కూల్చవలసినదేదో నిర్ణయించాలి. వాస్తుశిల్ప కళాశాలలు స్తంభక్రమాల పేర్లు కంఠస్థం చేయించడంతో ఆగక, తమ ఊరి పాత భవనాలను విద్యార్థులచేత లోపలా బయటా కొలిపించి, వెలుతురు ఏ వేళ ఎటునుంచి వస్తున్నదో రాయించాలి. సోన్ ఇటలీలో నేర్చుకున్నది అలాగే, రాయల్ అకాడమీ ఆచార్యుడిగా తన శిష్యులకు నేర్పినదీ అలాగే. ఆయన స్మృతికి తగిన నివాళి కూడా అదే: భవనాన్ని ముఖంతో గుర్తుపట్టడం మానుకొని, అది పనిచేసే తీరుతో గుర్తుపట్టడం, ఆ తీరు మొత్తాన్ని తరువాతి తరానికి అప్పగించడం.